సర్కారు సామాను కాలొద్దని

అడవిని ఒక్కసారి కూడా చూడకుండానే నేను నాలుగైదు ఎండాకాలాలు అడవి ఉద్యోగం చేశాను. గౌలిపురలో పుట్టి, అదే గల్లీలో నాలుగిళ్ల అవతలికి కోడలిగా పోయినదాన్ని. మా మామగారికి ఒకప్పుడు బర్రెలుండేవి. ఇప్పుడు బర్రెలు లేవు, కొట్టం లేదు. నా భర్త ప్యాకెట్ పాల దుకాణం నడుపుతాడు. నేను డిగ్రీ చదివి, కంప్యూటర్ నేర్చుకుని, ఒక ఏజెన్సీ ద్వారా అడవుల ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరాను. గల్లీలో ఆడవాళ్లు, మీ ఆఫీసుకు పులులు గిట్ల వస్తయా అని నవ్వేవాళ్లు. నాకు తెలిసిన పులి జూపార్కులో ఉన్నదే.

మా పని ఇది. ఎండాకాలం అడవిలో ఎక్కడైనా నిప్పు అంటుకుంటే ఉపగ్రహం ఆ వేడిని పట్టుకుంటుంది. మా గదిలో తెర మీద అది ఎర్ర చుక్కగా కనిపిస్తుంది. ఆ చుక్క ఎవరి బీటులో, అంటే ఎవరికి అప్పగించిన అడవి ముక్కలో పడిందో చూసి, ఆ బీట్ ఆఫీసరుకు మెసేజ్ పంపాలి. జవాబు రాకపోతే ఫోన్ చేయాలి. ఉపగ్రహం మన నెత్తి మీదే కూర్చుని ఉండదు. అది అటుగా వచ్చినప్పుడు మాత్రమే చూస్తుంది. అందుకే చాలాసార్లు చుక్క మా తెర మీదికి వచ్చేసరికి అక్కడ మంట పుట్టి ఎంతో సేపై ఉంటుంది. ఈ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. తర్వాత జరిగినదానికి ఇది ముఖ్యం కనుక ముందే చెబుతున్నాను.

చుక్కలు కాక ఇంకో పటం కూడా ఉండేది. రేపటి ఎండ ఎంత, గాలి ఎంత, తేమ ఎంత అని లెక్కగట్టి, ఏ అడవికి నిప్పు భయం ఎక్కువుందో రంగుల్లో చూపేది. ఎరుపు వచ్చిన చోటికి జాగ్రత్తగా ఉండండి అని మేం కబురు పంపేవాళ్లం. ఏ సామాను పెట్టుకుని జాగ్రత్తగా ఉండాలో ఆ కబురులో ఉండేది కాదు.

ఆ అమ్మాయి నాకు అలా ఫోన్లోనే పరిచయమైంది. దక్షిణాన, కృష్ణ ఒడ్డు కొండల్లో ఒక బీటుకు ఆమె ఆఫీసరు. ఒకరోజు చుక్క గురించి ఫోన్ చేస్తే, అది అడవి కాదని, అంచున ఒక రైతు మొక్కజొన్న సొప్ప తగలబెట్టాడని, తాను పోయి చూసే వస్తున్నానని చెప్పింది. ఫోన్ పెట్టేయబోతుంటే, అక్కా, మీ మాట పురానా షహర్ మాట లెక్కుంది, ఎక్కడుంటరు అని అడిగింది. గౌలిపుర అన్నాను. అవతల పెద్దగా నవ్వు. "నేను బార్కస్ దాన్నక్కా. ఈ గుట్టల మీద మనూరి మాట ఇని ఎన్ని దినాలైందో."

వాళ్ల ముత్తాతల తాత ఎప్పుడో నిజాం ఫౌజులో కొలువుకు అరబ్బు దేశం నుంచి వచ్చాడట. తండ్రికి బార్కస్ బజారులో లుంగీల దుకాణం ఉంది. తల్లి లేదు. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుని, ఆడపిల్ల ఒంటరిగా అడవికి పోతానంటే చుట్టాలు తండ్రి మీద లొల్లి చేశారు. ఆయన మాత్రం తానే బస్సెక్కి ఆమెను తీసుకుపోయి, ఉండబోయే క్వార్టరుకు కొత్త గొళ్లెం వేయించి వచ్చాడు.

సెలవుకు వచ్చినప్పుడల్లా స్కూటీ మీద మా ఇంటికి వచ్చేది. మా అత్తమ్మకు ఆమె అంటే ఇష్టం. ముందు గదిలో మంచం మీద కూర్చోబెట్టుకుని అడవి కబుర్లు చెప్పించుకునేది. భయం కాదా బిడ్డా, పులి ఉంటదట కదా అని ఒకసారి అడిగింది.

"పులి నన్ను పట్టించుకోదు అమ్మమ్మా. ఆఫీసోళ్లు గుడ పట్టించుకోరు."

అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి అది నవ్వే మాటే.

ఆమె కబుర్లలో ఎక్కువగా వినిపించేది ఒక చెంచు పెద్దాయన. ఆ బీటులో ప్రతి ఎండాకాలం ఫైర్ వాచర్‌గా ఉండేవాడు. ఫైర్ వాచర్లంటే మంటలు కనిపెట్టి ఆర్పడానికి ఆ నాలుగు నెలలకూ పెట్టుకునే మనుషులు. వాళ్లకు ఏటా కొత్తగా ఆర్డరు రావాలి. ఆర్డరు వస్తేనే ఉద్యోగంలో ఉన్నట్టు. ఆయన ఆమెను బిడ్డా అని పిలిచేవాడు. మధ్యాహ్నం ఆమె అన్నం తినకుండా తిరుగుతుంటే కోప్పడేవాడు. మొదటి ఏడాది మంటను చూసి ఆమె ఉన్నచోటే నిలబడిపోతే, నవ్వకుండా పక్కన నిలబడి, ముందు చిన్న మంట మీద పచ్చి కొమ్మతో కొట్టడం నేర్పాడట. ఆయన తోడుంటే నాకు ఫికర్ లేదక్కా అనేది.

ఆ సంవత్సరం చలికాలంలో ఒక్క చినుకు పడలేదు. ఫిబ్రవరి మొదట్లోనే అడవి ఆకు రాల్చేసింది. మా గల్లీలో కూడా శివరాత్రికి ముందే కూలర్లు బయటికి తీశారు. తెర మీద పటం ఎరుపెక్కడం అంత ముందుగా నేనెప్పుడూ చూడలేదు. అడవి దారుల వెంట ఎండుగడ్డి కోసి, ఆకు ఊడ్చి, నిప్పు దాటకుండా ఖాళీ పట్టీలు చేస్తారు. ఫైర్ లైన్లంటారు వాటిని. సంక్రాంతి లోపలే ఆ పని మొదలు కావాలి. ఆమె బీటులో మొదలు కాలేదు. మంజూరు రాలేదన్నారు. వాచర్ల ఆర్డరూ రాలేదు. ఎండుటాకును ఊదేసే బ్లోయర్ మిషన్ ఆ బీటుకు ఉన్నది చెడిపోయి, రిపేరుకు పోయి, తిరిగి రాలేదు. ఆ చుట్టుపక్కల బీట్లన్నీ చూసే రేంజ్ ఆఫీసుకు పోయినప్పుడల్లా అడిగింది. వస్తాయి, పైన నడుస్తున్నది అన్నారు. ఆ "పైన" అంటే మా ఆఫీసే.

ఆర్డరు లేకపోయినా చెంచు పెద్దాయన పనిలోకి వచ్చేశాడు. ఆకు రాలింది, కాగితం కోసం అది ఆగుతదా అన్నాడట. ఆమె సొంతంగా ఇద్దరు ముగ్గురిని పోగుచేసుకుని చేతనైనంత మేర దారులు ఊడ్పించింది. పక్క బీటులో ఉన్న బ్లోయర్‌ను బతిమాలి తెచ్చుకుంది. అది ఇచ్చేటప్పుడు, సర్కారు సామాను, ఏమన్నా అయితే మీ జీతంల పడ్తది అని చెప్పి మరీ ఇచ్చారు. ఆ మాట పెద్దాయన ఎదుటే అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో సన్నద్ధత కార్యక్రమం జరిగింది. ముందున్న పచ్చికలో షామియానా వేశారు. కొత్త బ్లోయర్లు వరుసగా పేర్చి, ఒక్కోదానికి బంతిపూల దండ వేశారు. నిప్పుకు కాలని కోట్లు, హెల్మెట్లు, చేతి తొడుగులు బల్లల మీద పరిచారు. పెద్దవాళ్లు వచ్చారు. ఒకాయన బ్లోయర్ భుజానికి తగిలించుకుని ఫోటో దిగాడు. ఆయన ముందు పోసిన ఆకులు ఎగరలేదు, పొద్దున మాలి ఆ పచ్చికకు నీళ్లు పట్టాడు. రాష్ట్రంలోని అడవులన్నీ నిప్పును ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉన్నాయని మైకులో చెప్పారు. మమ్మల్ని కూడా తెరల ముందు కూర్చోబెట్టి ఫోటో తీశారు.

షామియానా విప్పాక ఆ సామానంతా మా గది పక్కనున్న స్టోరులోకి పోయింది. నీళ్లు తాగడానికి పోయినప్పుడల్లా కిటికీలోంచి కనిపించేవి. దండలు ఎండిపోయి బ్లోయర్లకే వేలాడుతున్నాయి. ఇవి జిల్లాలకు ఎప్పుడు పోతాయని స్టోరు చూసే ఆయన్ని అడిగాను. పంపిణీ ఆర్డరు మీద సంతకం కాలేదమ్మా అన్నాడు. మరో వారం అడిగాను. అదే మాట. ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పాను. ఒక్కటి సంచిల ఏసుకుని బస్సెక్కుండ్రి అక్కా, చాయ్ తాగించి పంపుత అంది.

అది రంజాన్ నెల. మార్చి. చార్మినార్ వైపు పొద్దుగూకిందంటే అడుగు తీసి అడుగు వేయలేని జనం. ఆమె మాత్రం కొండల్లో ఉపవాసం ఉండి మంటలు ఆర్పుతోంది. రోజూ ఉండగలుగుతున్నావా అంటే, దూపకు తట్టుకోలేని దినం విడుస్తున్న, తర్వాత పట్టుకుంట, అల్లాకు నా డ్యూటీ తెలుసు అంది.

ఆ రోజు మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉన్నాను. తెర మీద ఆమె బీటులో ఏమీ లేదు. ఫోన్ ఆమె నుంచే వచ్చింది. లోయలో మంట లేచిందని, గాలి గట్టిగా ఉందని, తాను, పెద్దాయన, ఇంకొక చెంచు మనిషి పోతున్నామని, రేంజ్ ఆఫీసు ఫోన్ ఎత్తడం లేదని, అక్కడికి కబురు చేసి బండినీ మనుషులనూ పంపించమని చెప్పింది. గసపోస్తూ మాట్లాడింది.

నేను రేంజ్ ఆఫీసుకు చేశాను. ఎవరూ ఎత్తలేదు. వాళ్ల గ్రూపులో పెట్టాను. చివరికి ఒకతను ఎత్తి, బండి లేదన్నాడు. హైదరాబాద్ నుంచి పెద్ద అతిథులు అడవి చూడ్డానికి వచ్చారట, బండీ సిబ్బందీ వాళ్ల వెంట ఉన్నారట. అక్కడ మంట లేచిందన్నాను. సార్‌కు చెప్త అన్నాడు. దగ్గరలోని ఫైర్ స్టేషనుకు కూడా చేశాను. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. ఇంజన్ రోడ్డు వరకే వస్తుంది, అక్కడి నుంచి కొండ మీదికి తమ పైపు రాదు అన్నారు. అది నిజమే. నేను మళ్లీ ఆమెకు చేశాను. రింగు పోయింది. మళ్లీ చేస్తే అదీ లేదు.

చుక్క నా తెర మీదికి అప్పుడొచ్చింది. ఒకటి కాదు, కొండ వాలు మీద అతుకుల్లాగా నాలుగైదు. రూలు ప్రకారం నేను ఆమెకు మెసేజ్ పంపాను. మీ బీటులో మంట కనిపించింది, వెంటనే స్పందించండి. మంటలో ఉన్న మనిషికి మంట వచ్చిందని కబురు పంపాను. ఆ మెసేజ్‌నే తర్వాత ఆమె మెడకు కట్టారు.

ఏం జరిగిందో ఆమె నాకు చాలా రోజుల తర్వాత, కొద్దికొద్దిగా చెప్పింది. లోయలో మంటను మొదట బాగానే పట్టుకున్నారు. పెద్దాయన బ్లోయర్‌తో ముందు పోతూ ఆకును ఊదేస్తుంటే, వీళ్లిద్దరూ పచ్చి కొమ్మలతో అంచులు కొట్టారు. అలా చాలా మేర ఆర్పారు. అప్పుడు మిషన్‌లో పెట్రోల్ అయిపోయింది. ఇంకా తేలేకపోయారా అని నేను అడగలేదు. ఉన్నది కూడా ఆమె తన బండిలోంచి తీసి పోసిందే. మిషన్‌ను ఒక బండ పక్కన దించి, కొమ్మలు అందుకున్నారు. గాలి తిరిగింది. వెదురు పొదల్లోకి మంట పోగానే టపాకాయలు పేలినట్టు పేలడం మొదలైంది. పెద్దాయన తన తాగే నీళ్ల సీసా మొత్తం ఆమె దుపట్టా మీద పోసి మొహానికి కట్టుకోమన్నాడు. ఆమెనూ రెండో మనిషినీ ముందే కాలిపోయిన నల్లటి నేల మీదికి తోసుకొచ్చాడు. కాలిన చోట మళ్లీ కాలడానికి ఏమీ ఉండదు, అక్కడ నిలబడితే బతుకుతారు. ముగ్గురూ అక్కడికి చేరారు. ముగ్గురూ బతికేవాళ్లే.

అప్పుడు ఆయనకు బ్లోయర్ యాదికొచ్చింది.

"మిషిను అక్కడనే ఉన్నది బిడ్డా. సర్కారు సామాను. కాలితే నీ మీదికొస్తది" అన్నాడట. ఆమె చేయి పట్టుకుంది. విడిపించుకుని పోయాడు. అంత దూరమేమీ లేదక్కా, ఆ బండ మాకు కనిపిస్తనే ఉండె అని చెప్పింది. ఆయన మిషన్ ఎత్తుకుని తిరిగాడు. దాని బరువుతో తిరిగాడు. మంట ఆయన్ని దారిలోనే అందుకుంది. ఆమె రెండు చేతులూ మోచేతుల దాకా కాలినవి ఆయన్ని బయటికి లాగుతుంటేనే.

ఆమెను నగరానికి తెచ్చి పెద్దాసుపత్రిలో చేర్చారు. మరునాడు మధ్యాహ్నం నేను పోయేసరికి తండ్రి వార్డు బయట గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. లేచి సలాం చెప్పాడు. బిడ్డ బతుకుతుందన్నారని చెప్పాడు. చేతులు మాత్రం మునుపటిలా రావన్నారట. తర్వాత ఆయనే అడిగాడు. "బహెన్, ఆ ముసలాయన ఇంట్ల ఎవరున్నరు? వాళ్ల కాడికి ఎవరన్న పోయిండ్రా?"

మా ఆఫీసు నుంచి ఎవరూ పోలేదు. మా ఆఫీసు ఆ వారం రాసుకోవడంలో ఉంది.

పేపర్లలో వార్త వచ్చింది కనుక కారణం కావాలి. కారణం దొరికింది. వాచర్ల ఆర్డరు ఇంకా రాలేదు కాబట్టి చనిపోయిన మనిషి వాచరు కాడు. వాచరు కానివాడు అడవిలో ఎందుకున్నాడు? ఇప్పపువ్వు కోసం. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు చెట్ల కింద ఆకు కాలుస్తారు. కాబట్టి మంట అతనే పెట్టాడు. ఇక బీట్ ఆఫీసరు సంగతి. హెడ్డాఫీసు నుంచి అలర్ట్ పోయింది, ఆమె దానికి జవాబివ్వలేదు, నిర్లక్ష్యం. బ్లోయర్ కాలిపోయింది, అదీ ఆమె లెక్కలోనే. మంజూరు, ఆర్డరు, బండి, స్టోరు, వీటిలో ఏ ఒక్కటీ ఆ కథలో లేదు.

ఈ రాతకు నా మాట కూడా కావలసి వచ్చింది. ఒక పెద్ద సారు నన్ను తన గదికి పిలిచాడు. ఆయన చెడ్డవాడిలా ఉండడు. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. తర్వాత, అలర్ట్ పంపాను, బీట్ ఆఫీసరు స్పందించలేదు అని రెండు లైన్లు రాసి ఇవ్వమన్నాడు.

ఆమె మంట గురించి నాకు అలర్ట్ కంటే ముందే ఫోన్ చేసిందని చెప్పాను. నేను మెసేజ్ పంపేటప్పటికి ఆమె ఆ మంట దగ్గరే ఉందని చెప్పాను. రేంజ్ ఆఫీసులో బండి ఎందుకు లేదో కూడా చెప్పాను.

"అదంత నిన్ను ఎవరు అడగలేదమ్మా. అలర్ట్ పంపినవా లేదా? స్పందన వచ్చిందా లేదా?"

"పంపిన సార్. రాలేదు. కాలుతున్న చేతులతోని ఫోన్ ఎట్ల ఎత్తుతది?"

ఆయన చాయ్ కప్పు పక్కకు జరిపాడు. పోయినాయన ఎట్లాగూ పోయిండు, అడివిల ఉండెటోళ్ల పేరు రాస్తే ఎవరికీ నష్టం లేదు, ఆ పిల్లకు గుడ చిన్న పనిష్మెంటుతో పోతది, నువ్వెందుకు మధ్యల పడ్తవ్ అన్నాడు. నిజంగా నా మేలు కోరే చెబుతున్నట్టుగా చెప్పాడు. నన్ను ఎక్కువ మండించింది అదే. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదు.

నేను జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అది తీసుకున్నారు. రిపోర్టులో దాని ఊసు లేదు. ఎండాకాలం అయిపోయాక ఏజెన్సీవాళ్లు ఫోన్ చేసి, వచ్చే సీజనుకు నీ పేరు రాలేదు అన్నారు. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఆయన మాత్రం, పోనీ, దుకాణంల కూసో అన్నాడు. కూర్చున్నాను. పాల ప్యాకెట్లు అమ్ముతూ, ఆ ఆఫీసులో నా కుర్చీలో ఎవరో కూర్చుని చుక్కలు చూస్తూ ఉంటారని తలచుకుంటూ, ఆ ఏడు వానాకాలమంతా గడిపాను.

ఆ అమ్మాయికి కూడా వాళ్లు కాగితం తెచ్చారు. చేతులకు కట్లుండగానే ఆస్పత్రికి వచ్చి, పెద్దాయన నిప్పు పెడుతుండగా చూశానని ఒప్పుకుంటే సస్పెన్షన్ ఉండదని చెప్పారు. వేలిముద్ర వేసినా చాలన్నారట. ఆ వేళ్లకు ముద్ర ఎక్కడుంది? ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. వాళ్లను బయటికి పంపింది తండ్రి. మళ్లీ ఈ పని మీద వస్తే నా బిడ్డ ఊకుంటదేమో గాని నేను ఊకోను అన్నాడట, గొంతు పెంచకుండా. సస్పెన్షన్ వచ్చింది.

చర్మం అతికించి, కట్లు విప్పాక, ఆమె మొదట అడిగింది పెద్దాయన ఊరికి పోవాలని. తండ్రి, ఆమె, నేను కలిసి వెళ్లాం. అడవిని నేను చూడడం అదే మొదటిసారి. వానలు పడి పచ్చగా ఉంది. కొండ వాలు మీద మాత్రం చెట్ల మొదళ్లు నడుము ఎత్తు వరకు నల్లగా ఉన్నాయి. నేను చూసిన ఆ నాలుగైదు చుక్కలు ఇవే.

చెంచులు పెంట అని పిలుచుకునే వాళ్ల గూడెంలో పెద్దాయన భార్య గుడిసె ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. ఎవరో మాకు నీళ్లు తెచ్చి ఇచ్చారు. అమ్మాయి ఆమె ముందు కూర్చుని చేతులు ముందుకు చాపింది. ముసలామె ఆ చేతుల వైపు చూసింది. చూసి మొహం తిప్పుకుంది.

"నువ్వు పిలిస్తెనే వచ్చిండు" అంది.

మేం కూర్చున్నంతసేపు అటువైపే చూస్తూ ఉంది. బయటికి వచ్చేటప్పుడు మాకు నీళ్లిచ్చిన మనిషి చెప్పాడు. ఆఫీసువాళ్లు వచ్చి, మీవాడే అడవి కాల్చాడని, మీ మీద కూడా కేసు పెడతామని బెదిరించి పోయారట. అప్పటి నుంచి ఆమె ఖాకీ వేసుకున్న ఎవరితోనూ మాట్లాడదట. అమ్మాయి ఆ రోజు ఖాకీ వేసుకోలేదు. అయినా అది ఆమె ఒంటి మీద ఉన్నట్టే అనుకున్నారు. బస్సులో తిరిగి వస్తూ దారి పొడుగునా ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను. ఆమె తండ్రి కిటికీ బయటికి చూస్తూ తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆమె ఊరుకోలేదు. నయాపూల్ దగ్గర కోర్టు ముందు గదులున్న ఒక వకీలు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయింది. తన సస్పెన్షన్ గురించి కాదు. పెద్దాయన నిప్పు పెట్టాడన్న మాట రిపోర్టులోంచి తీసేయించాలని. వకీలు మంచివాడే, ఓపికగా విన్నాడు. విని, ఆయన నీకేమైతడమ్మా అని అడిగాడు. ఏమీ కాడు. అయితే కేసు నువ్వు వేయలేవు, ఆయన భార్యో పిల్లలో వేయాలి అన్నాడు. వాళ్లు వేయరు. వాళ్లకు కోర్టన్నా ఆఫీసన్నా ఒకటే, రెండింటిలోనూ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు. ఆమె ఇంకోసారి ఒక్కతే పెంటకు పోయి వచ్చింది. ఆ కేసు పడలేదు. ఆ రిపోర్టులో ఆ మాట ఇప్పటికీ ఉంది.

సస్పెన్షన్ కొన్నాళ్లకు ఎత్తేశారు, ఇంక్రిమెంట్ కోసి. అడవిలో పని చేయలేవన్నారు. నిజమే, కొమ్మ పట్టుకుంటే పిడికిలి మూసుకోదు. నగరం అంచున ఒక నర్సరీలో మొక్కల లెక్కకు వేశారు. ఇప్పుడు బార్కస్ నుంచి రోజూ పోయి వస్తుంది. తర్వాతి ఏడాది సన్నద్ధత కార్యక్రమానికి ఆమెను పిలిచారు. మంటల్లో గాయపడిన సిబ్బందికి శాలువా కప్పుతారట. నేను పోయి ఉండేదాన్నేమో, కప్పేవాడి మొహం మీద ఏదన్నా అనడానికి. ఆమె పోలేదు. వాళ్లు ఆమె పాత ఫోటో పెట్టి, అగ్నిపై పోరాడిన మా ధీర అని రాసి, ఫ్లెక్సీ కట్టారు. అక్కడ పనిచేసే ఒకామె నాకు ఆ ఫ్లెక్సీ ఫోటో పంపింది. వెనక వరసలో బ్లోయర్లున్నాయి, బంతిపూలతో. అవి కొత్తవో, ఆ పాతవో నాకు తెలియలేదు. పెద్దాయన గురించి అందులో ఏమీ లేదు.

మొన్న ఎండాకాలం ఒక సాయంత్రం నేను వాళ్లింట్లో ఉన్నాను. తండ్రికి ఒంట్లో బాగుండలేదని చూసిరావడానికి పోయాను. బయట పిల్లలు అరుస్తుంటే మేడ మీదికి ఎక్కాం. బార్కస్ దాటాక ఉన్న గుట్టల్లో ఒకదాని మీద ఎండుగడ్డి అంటుకుంది. ఎవరు వేశారో, బీడీ ముక్కో, చెత్త కాల్చారో. మంట సన్నటి గీతలా పైకి పాకుతోంది. చుట్టూ మేడల మీద జనం, ఫోన్లు ఎత్తి పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. ఆమె ఫైర్ స్టేషనుకు ఫోన్ చేసింది. గాలి ఎటు ఉందో, ఏ వైపు ఇళ్లున్నాయో, ఏ సందులోంచి వస్తే దగ్గరో, అన్నీ చెప్పింది. ఇంజన్ తొందరగానే వచ్చింది. గుట్ట కింద ఆగింది. పైపు సగం వాలు దాకా పోయి నిలిచింది. ఫైర్‌మెన్ ఇద్దరు కొమ్మలు విరుచుకుని పైకి ఎక్కడం మా మేడ మీది నుంచి కనిపించింది.

"అక్కా, ఇది మీ తెర మీద కనిపిస్తదా?"

ఇంత చిన్నది కనిపించదన్నాను. పైగా అది ఇప్పుడు నా తెర కాదు.

ఆమె పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి ఆ ఇద్దరినే చూస్తూ నిలబడింది. ఒకతను గాలికి ఎదురుగా పోతున్నాడు. ఆమె గొంతు చించుకుని, అటు కాదు భాయ్, నల్ల నేల మీదికి పో అని అరిచింది. అంత దూరం అతనికి వినిపించదు. పక్క మేడ వాళ్లు ఫోన్లు దించి మా వైపు చూశారు. ఆమె మళ్లీ అరిచింది. అతను తనంతట తానే పక్కకు తప్పుకున్నాడు. గడ్డి అయిపోయాక బండలు వచ్చాయి, మంట అక్కడ ఆగింది. ఎవరూ ఆర్పలేదు, కాలడానికి ఇంకేమీ లేక ఆగింది.

కింద తండ్రి దగ్గుతూ ఏమైందని అడుగుతున్నాడు. ఆమె గొంతు పోయింది. ఏమీ లేదు చాచా, గడ్డి కాలింది అని నేనే జవాబు చెప్పాను.